అమెరికా అంతర్యుద్ధం ఫోటోలు: పోరు జరుగుతుండగా తీసినవి ఎందుకు లేవు?

ప్రశ్న – పాతఫోటో
1861–65 ఫోటోల్లో సైనికులు, స్కౌట్లు (శత్రువు జాడ కనిపెట్టేవాళ్లు) గుడారాల ముందు కదలకుండా ఉంటారు, లేదంటే శవాలు. పోరు మధ్యలో తీసినవి కనిపించవు. ఒక్కో ప్లేటుకి పని అంత ఉండేదా? టిన్‌టైపుల్లో (ఇనపరేకు మీద తీసిన ఫోటోల్లో) అంతమంది ఎడమచేతివాటం వాళ్లేనా?

గాజుపలక
అప్పటి పద్ధతి వెట్ కొలోడియన్ అండీ. గన్‌కాటన్‌ని (ఆమ్లాలతో మార్చిన పత్తిని) ఈథర్, ఆల్కహాల్‌లో కరిగించి అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలుపుతారు. ఆ ద్రవాన్ని, అంటే కొలోడియన్‌ని, గాజుపలక మధ్యలో పోసి, నాలుగు మూలలకీ పారించి, మిగిలింది చివరి మూల నుంచి సీసాలోకి వంపాలి. అంచున వేలు పెడితే ముద్ర పడేంతగా పొర గట్టిపడగానే సిల్వర్ నైట్రేట్ తొట్టిలో 3–5 నిమిషాలు ముంచాలి. ఇదంతా బండిలోని చీకటిగదిలోనే. తడి పలకని హోల్డర్లో పెట్టి కెమెరాకి తెచ్చి, లెన్స్ మూత తీసి, మంచి ఎండలో కొన్ని సెకన్లు ఉంచి మళ్లీ మూసేయాలి. ఆ సెకన్లలో కదిలినవి చెదిరిపోతాయి. వెంటనే బండిలోకి తీసుకెళ్లి, బొమ్మ తేలడానికి (డెవలప్ చేయడానికి) అసిటిక్ ఆమ్లం కలిపిన ఐరన్ సల్ఫేట్ ఒక్క ఊపున పోయాలి. మధ్యలో ధార ఆగితే అక్కడ గీత పడుతుంది.

తొట్టిలోంచి తీశాక పది, పదిహేను నిమిషాల్లో డెవలప్ అయిపోవాలి. ఎండాకాలమైతే ఇంకా ముందే. ఆలస్యమైతే పలక అంచుల నుంచి ఆరిపోయి, సిల్వర్ నైట్రేట్ చిక్కబడి మరకలు పడతాయి.

పోరు ఫోటోలు అసలే లేవనలేం. 1863 సెప్టెంబరు 8న ఫోటోగ్రాఫర్ జార్జ్ కుక్ చార్లెస్టన్ రేవులోని ఫోర్ట్ సమ్టర్ కోట నుంచి, ఫిరంగులు పేలుస్తున్న ఉక్కుకవచపు ఓడల్ని తీశాడు. అవి దూరంగా ఉండటం కలిసొచ్చింది.

ఇనపరేకు
టిన్‌టైపుకి నెగెటివ్ ఉండదు, రేకు మీద పడ్డదే ఫోటో. అందుకే కుడి ఎడమవుతుంది. ముందు బెల్టు బిళ్ల మీది అక్షరాలు చూడండి, తిరగబడి ఉంటాయి. పెర్కషన్ క్యాపుల (తుపాకీ మందుని అంటించే చిన్న లోహపు మూతల) పెట్టె బెల్టుకి కుడివైపు ఉండాల్సింది ఎడమన కనిపిస్తుంది. కొందరు సరిగ్గా కనబడాలని తుపాకీని కావాలనే రెండో చేతికి మార్చుకునేవారు, కాబట్టి తుపాకీ ఒక్కటీ చూసి తేల్చకండి.

రంగుల దగ్గరా జాగ్రత్త. కొలోడియన్ నీలికాంతినే బాగా పట్టుకుంటుంది. యూనియన్ (ఉత్తరాది) సైనికుల లేతనీలం ప్యాంటు దాదాపు తెల్లగా, ఫిరంగిదళం ఎర్రపట్టీ నల్లగా వస్తాయి. ఆకాశం ఖాళీగా ఉండేదీ అందుకే.

పాతఫోటో
మరి స్కౌట్లని ఎలా గుర్తుపట్టాలి?

గాజుపలక
బట్టల్ని బట్టి కష్టం. చాలామంది మామూలు కోటు, టోపీల్లోనే తిరిగేవారు. 1862 అక్టోబరులో మేరీలాండ్‌లోని బెర్లిన్ దగ్గర తీసిన పొటోమాక్ సైన్యం (యూనియన్ సైన్యాల్లో ఒకటి) స్కౌట్ల గ్రూపు ఫోటో లాంటివాటికి అప్పటి శీర్షికే ఆధారం. శీర్షికల్నీ పూర్తిగా నమ్మలేం: 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఫోటోగ్రాఫర్ గార్డ్‌నర్ బృందం ఒకే శవాన్ని చోటు మార్చి రెండు దృశ్యాలుగా తీసింది. రాళ్లు, చెట్లు, చుట్టూ పడున్న సామాను పోల్చి చూశాకే ఒక నిర్ణయానికి రండి.