చతురస్ర వ్యూహం ముందు గుర్రాలు ఎందుకు ఆగిపోయాయి?

పాతమ్యాపు: మిత్రులతో కలిసి వాటర్లూ యుద్ధాన్ని బల్లమీద బొమ్మలతో ఆడుతుంటాము. 1815 జూన్ 18న నెపోలియన్ సేనాని మార్షల్ నే (Ney) వేలాది గుర్రాలను పదేపదే నడిపించినా, నాలుగు వైపులా బయటికి తిరిగి నిలిచిన బ్రిటిష్ సైనికుల చతురస్రం ఒక్కటీ చెదరలేదు. నాలుగు వరుసల మనుషులు అంత బరువును ఎలా ఆపగలిగారు?

గుర్రపుడెక్క: ఆపలేదండి, గుర్రాలే పక్కకు తప్పుకున్నాయి. కొన్నేళ్లుగా స్వారీ చేస్తున్నాను. సందు కనబడితే దూకే గుర్రం, గోడలా మూసుకుపోయినదాని ముందు ఎంత అదిలించినా పక్కకే తిరుగుతుంది. ముందువరుస మోకాళ్లమీద కూర్చుని బాయినెట్లు (తుపాకీ మొనకు తగిలించిన కత్తులు) పైకెత్తి నిలుపుతుంది, వెనుకవారు కాలుస్తారు. చతురస్రాలు చదరంగం గళ్లలా నిలబడటం వల్ల, ఒకదాన్ని తప్పించుకున్న గుర్రం మరొకదాని తూటాలకు ఎదురు వెళ్తుంది.

రాతికోట: సందు దొరికితే మాత్రం కథ వేరు. 1812 జూలై 23న స్పెయిన్‌లోని గార్సియా హెర్నాండెజ్ వద్ద, తూటా తగిలిన గుర్రమొకటి రౌతుతో సహా ఫ్రెంచి వరుసల మీదే కూలింది. అలా పడిన గండిలోంచి బ్రిటిష్ పక్షాన పోరాడిన జర్మన్ డ్రాగూన్లు (గుర్రపు రౌతులు) లోపలికి చొరబడి వ్యూహాన్ని ఛిన్నాభిన్నం చేశారు. వాటర్లూకు రెండు రోజుల ముందు కాత్ర్ బ్రా వద్ద దీనికి తలకిందులుగా జరిగింది: బ్రిటిష్ 42వ పటాలం చతురస్రం పూర్తిగా మూసుకోకముందే లోపలికి దూసుకొచ్చిన ఫ్రెంచి బల్లెపు రౌతులు, అది మూసుకున్నాక పద్మవ్యూహంలోని అభిమన్యుడిలా అక్కడే చిక్కి హతమయ్యారు.

తడిమందు: వానను మరచిపోకండి. 1813 ఆగస్టు 27న డ్రెస్డెన్ వద్ద తుపాకీమందు తడిసి ఆస్ట్రియన్ల మస్కెట్లు (పాతకాలపు తుపాకులు) పేలకపోవడంతో, ఫ్రెంచి సేనాని మ్యురా అశ్వికదళం వేలమందిని బందీలుగా పట్టుకుంది.

సింహదిబ్బ: నేను వాటర్లూ చూసి వచ్చాను. యుద్ధం తర్వాత స్మారకంగా కట్టిన సింహపు దిబ్బ 226 మెట్లు ఎక్కితే మైదానమంతా కనబడుతుంది, కానీ ఆ దిబ్బకు కావలసిన మట్టిని బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యం నిలిచిన గట్టునుంచే తవ్వడంతో నాటి వాలు ఇప్పుడు లేదు. నా దృష్టిలో అసలు లోపం గుర్రాలది కాదు, మార్షల్ నే వాటికి తోడుగా తగినంత పదాతిదళాన్ని, ఫిరంగులను పంపకపోవడం. కిక్కిరిసి నిలిచిన చతురస్రం ఫిరంగి గుండుకు ఎంత సులువైన గురో బ్రిటిష్ 27వ పటాలం చూపింది; లా హే సాంత్ అనే పొలంఇంటి దగ్గరి కూడలిలో నిలిచిన ఆ పటాలంలో సగానికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది.

పాతమ్యాపు: మా ఆటలో గుర్రం గెలిచిందా ఓడిందా అని మాత్రమే పాచిక వేస్తున్నాము. ఇకనుంచి "పక్కకు తప్పుకుంది" అనే ఫలితాన్నీ చేరుస్తాము. వాన పడితే మస్కెట్లకు వేరే పాచిక వేస్తాము.