కడప నుంచి సముద్రం చూడాలంటే చెన్నైనా, విశాఖా, మైపాడా?

పెన్నాఒడ్డు (కడప):
సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు సముద్రం చూపిద్దామనుకుంటున్నాం. మా అమ్మ కూడా వస్తానంటోంది. తిరుమల, శ్రీశైలం, అహోబిలం అన్నీ తిరిగిందిగానీ సముద్రం మాత్రం ఇంతవరకు చూడలేదు. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. మా ఆయన విశాఖ అంటున్నారు. మా మరిది చెన్నై అంటున్నాడు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా దిగొచ్చని. పక్కింటివాళ్లేమో పెద్ద ఓడరేవు ఉన్న ఊళ్లో సముద్రమంతా మురికే, డబ్బు దండగ అంటున్నారు. నిజమేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. పిల్లలు నీళ్లలో దిగకుండా ఊరుకోరు, ఇది ముందే చెప్తున్నా.

ఎర్రమల (కర్నూలు):
ఇందులో చర్చేముందక్కా, విశాఖే. ఆర్కే బీచ్‌లో రోడ్డు పక్కనే సముద్రం. ఆటో దిగి నిలబడితే చాలు, అమ్మగారికి అలలు కనిపిస్తాయి. అక్కడే కురుసుర జలాంతర్గామి ఉంది. 2002 నుంచి దాన్ని మ్యూజియం చేసి పెట్టారు, లోపలికి వెళ్లి చూడొచ్చు. దగ్గర్లోనే టీయూ-142 యుద్ధ విమానం కూడా ఉంది, అది 2017లో వచ్చింది. పిల్లలు ఇంటికొచ్చాక ఆ రెండింటి గురించే చెప్తారు. ఇంకో రోజు ఉంటే యారాడ బీచ్‌కు పోండి. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగేటప్పుడు మలుపులో సముద్రం కనిపిస్తుంది చూడండి, ఆ ఒక్కదానికే అంతదూరం పోవచ్చు. చెన్నైలో ఏముంది, జనం తప్ప?

మద్రాసుబండి (రాజంపేట, ఉండేది చెన్నైలో):
ఎర్రమల అన్నా, నువ్వు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయిగానీ కడప నుంచి విశాఖ ఎంత దూరమో చెప్పలేదు. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా రైల్లోనే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ బెర్తు మీద అంతసేపు, మళ్లీ తిరుగు ప్రయాణం. ఇక ఆ జలాంతర్గామి లోపల గుండ్రటి ఇనుప తలుపుల్లోంచి కాలెత్తి, తల వంచి దాటాలి. ఆమె బయటే కూర్చోవాలి.

చెన్నై అలా కాదు. ముంబై–చెన్నై లైన్ మన కడప, రాజంపేట, కోడూరు మీదుగానే పోతుంది. ఒక్క జాగ్రత్త: చెన్నై బీచ్ అని స్టేషన్ ఉంది కదా అని అక్కడ దిగొద్దు. పేరుకే బీచ్, ఎదురుగా హార్బర్ గోడ. ఒకప్పుడు అలలు ఆ రోడ్డు దాకా వచ్చేవి. ఓడరేవు కట్టాక సముద్రం వెనక్కి జరిగిపోయింది. మెరీనాకు పోవాలంటే చేపాక్, లేదా తిరువల్లికేణి స్టేషన్.

ఇక ఓడరేవు వల్ల బీచ్ పాడైందన్న మాట. అసలు మెరీనాను పెంచిందే ఆ ఓడరేవు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1870ల్లో మద్రాసు హార్బరుకు రాతి గోడలు కట్టడం మొదలుపెట్టారు. 1881 తుఫాను వాటిని దెబ్బతీస్తే మళ్లీ కట్టారు. కాలువకు అడ్డంగా బండరాయి వేస్తే వెనకాల మేట వేసినట్టు, ఆ గోడల దక్షిణాన ఇసుక చేరుతూ పోయింది. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ ఒడ్డున నడకబాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఇప్పుడు కొన్నిచోట్ల రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసుకే నాలుగు వందల మీటర్లు ఉంటుంది. రేవు లేకపోతే ఆ మెరీనా లేదు.

బద్వేలు_బాబు:
అక్క మోకాళ్ల నొప్పులంటే నువ్వు నాలుగు వందల మీటర్ల ఇసుక అంటున్నావేమన్నా? అంత ఇసుకలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే పిక్కలు పడతాయి.

మద్రాసుబండి:
దానికే 2022లో చెక్కబాట వేశారు, చక్రాల కుర్చీలో కూడా నీళ్ల దగ్గరి దాకా పోవచ్చు. వేసిన కొన్నాళ్లకే మాండూస్ తుఫానుకు దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. నడవకపోయినా లైట్‌హౌస్ ఉంది, దానికి లిఫ్ట్ ఉంది. పైనుంచి మెరీనా మొత్తం కనిపిస్తుంది. కిందికి వస్తే తేంగా మాంగా పట్టాణి సుండల్, అదే కొబ్బరి, మామిడి ముక్కలు కలిపిన బఠాణీ గుగ్గిళ్లు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

గుత్తికోట (అనంతపురం):
మెరీనాను రేవు పెంచింది సరే. రేవుకు ఉత్తరాన ఉన్న రాయపురం, తిరువొత్తియూరు సంగతి చెప్పలేదే? అక్కడికి రావలసిన ఇసుక దక్షిణాన్నే ఆగిపోయింది కాబట్టి సముద్రం ఒడ్డును కోసుకుంటూ పోయింది. ఇప్పుడు అక్కడ ఇసుక బదులు రాళ్ల గుట్టలు. పల్లెకారుల ఇళ్లు పోయాయి. ఒకరి బీచ్ ఇంకొకరి ఊరు మింగి పెరిగింది.

మురికి మాట కూడా పక్కింటివాళ్లు ఊరికే అనలేదు. మెరీనాకు ఉత్తరం కొసన కూవం, దక్షిణాన అడయారు నది, నగరం మురుగును మోసుకొచ్చి సముద్రంలో కలుపుతాయి. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నల్లటి చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం బక్కెట్లతో తోడారు. ఓడలు తిరిగే ఊళ్లో ఇది ఎప్పుడైనా జరగొచ్చు. పెద్ద రేవు ఉన్న చోటికి పోనే కూడదన్నది నా మాట. మేమైతే గుంతకల్లులో రైలెక్కి గోవా పోతాం.

ఎర్రమల:
గోవాలో ఏ స్టేషన్లో దిగుతారు సార్? వాస్కోలోనేనా? దాని పక్కనే మర్మగోవా ఓడరేవు. :)

పెన్నాఒడ్డు:
మా అమ్మను గోవాకు తీసుకుపోతున్నానని చెప్తే మా పెద్దమ్మలు ఆర్నెల్లు దాని గురించే మాట్లాడుకుంటారు. గోవా వదిలేయండి. కానీ గుత్తికోట గారూ, మీరు చెప్పింది చదివాక చెన్నై మీద అనుమానం పెరిగింది. ఉత్తరాన ఉన్నవాళ్లకు అంత నష్టం జరిగిందని నాకు తెలీదు. విశాఖలోనూ ఇదే సమస్య ఉందా?

గుత్తికోట:
ఉందమ్మా. 1970ల్లో బయటి హార్బర్ కట్టాక ఆర్కే బీచ్ కోతకు గురవుతూ వచ్చింది. రేవు ఆపేసిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, గొట్టాల్లో తెచ్చి బీచ్ మీద పోస్తుంటారు. ఎర్రమల గారు రోడ్డు పక్కనే సముద్రం అని గొప్పగా చెప్పారే, అది అంత దగ్గరగా ఉండడానికి ఈ కోత కూడా ఒక కారణం.

ఎర్రమల:
కారణం ఏదైనా అమ్మగారికి దగ్గరే కదా సార్. ఇసుక పోసి కాపాడుకుంటున్నారంటే అదీ మంచిదే. ఆర్కే నచ్చకపోతే ఋషికొండకు పోవచ్చు. 2020లోనే బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు జెండా అది.

గుత్తికోట:
2025లో శుభ్రత మీద ఫిర్యాదులొచ్చి అదే జెండాను కొన్నాళ్లు దించేశారు. తర్వాత మళ్లీ ఇచ్చారనుకోండి.

మద్రాసుబండి:
జెండాల లెక్కే అయితే చెన్నైకి దక్షిణాన కోవళం ఉంది, దానికి 2021లో వచ్చింది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కారులో పోవచ్చు. కూవం లేదు, రేవు లేదు.

బద్వేలు_బాబు:
అందరూ రెండు మహానగరాల మధ్య కొట్టుకుంటున్నారు, పక్కనున్న నెల్లూరు ఎవరికీ కనపడలేదు. కడప నుంచి బద్వేలు వచ్చి, 67వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే వెలికొండ దిగి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు. అక్కడి నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. బండి దాదాపు ఇసుక దాకా పోతుంది. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం నెల్లూరు చేపల పులుసు తిని రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ఇంకో సంగతి. మన పెన్నా సముద్రంలో కలిసేది కూడా ఆ పక్కనే, ఊటుకూరు దగ్గర. జమ్మలమడుగు, చెన్నూరు, సిద్ధవటం మీదుగా వచ్చిన నది సోమశిల దాటి, నెల్లూరు దాటి అక్కడికి చేరుతుంది. కడపలో పుట్టి పెరిగిన పెద్దావిడ, జీవితమంతా ఆ నది చూసినామె. జలాంతర్గామి కంటే ఆమెకు ఇదే బాగుంటుందని నా లెక్క.

మద్రాసుబండి:
మైపాడులో ఏముందన్నా? చూసిన అరగంటకే పిల్లలు ఫోన్ ఇవ్వమంటారు. ఇంకో విషయం, నెల్లూరుకు ఆగ్నేయంగా కృష్ణపట్నం ఓడరేవు ఉంది. అదీ చిన్న రేవేం కాదు. రేవు నుంచి తప్పించుకుపోయామనుకోవద్దు.

బద్వేలు_బాబు:
రేవు ఉందిగానీ మధ్యలో మహానగరం మురుగు లేదు కదా. పిల్లలు ఇసుకలో ఇళ్లు కట్టుకుంటారు, ఫోన్ అడగరు. అడిగితే తప్పు సముద్రానిది కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా: పెద్ద ఊళ్లలో ఉన్నన్ని వసతులు ఉండవు. తాగేనీళ్లు, చిత్రాన్నం, పెద్దావిడకు మడత కుర్చీ మీరే పట్టుకుపోవాలి. ఆదివారం, కార్తీక పౌర్ణమి వదిలి వేరే రోజు పోండి.

నీటిలెక్క (ప్రొద్దుటూరు):
ఇంతసేపూ మురికి, దూరం, జెండాలు. పిల్లలు నీళ్లలో దిగకుండా ఊరుకోరని ఆమె మొదటి పోస్టులోనే రాసింది. దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

మన పిల్లలకు బావిలోనో, కేసీ కాలువలోనో ఈత వచ్చి ఉండొచ్చు. సముద్రంలో ఆ ధైర్యమే ముంచుతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు తిరిగి లోపలికి పోవాలి కదా. అవన్నీ ఒకచోట సన్నటి దారి చేసుకుని వేగంగా వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైకి చూస్తే ఆ చోటే ప్రశాంతంగా ఉంటుంది. రెండు పక్కలా అలలు విరుగుతూ తెల్లగా నురుగు కనిపిస్తుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం అల లేకుండా, కాస్త మట్టి రంగులో ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడ నీళ్లు తక్కువ ఉన్నాయనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. మోకాలి లోతులో ఉన్నప్పుడే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది.

పట్టుకుందంటే ఒడ్డు వైపు ఈది దాన్ని గెలవలేరు. అలసట రాకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పట్టీ దాటాక అలలతో పాటు రావాలి. చేయి పైకెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. తాడు, ఖాళీ డబ్బా, ట్యూబు, తేలేది ఏదైనా విసరాలి. వరసగా ఒకే ఇంటివాళ్లు పోయే ఘటనలు చాలా వరకు ఒకరి కోసం ఒకరు దూకినవే.

రేవు గోడల పక్కన, తీరానికి అడ్డంగా వేసిన రాళ్ల వరసల పక్కన ఇలాంటి ప్రవాహాలు ఎక్కువ. మెరీనాలో స్నానం నిషేధం, అందులో అర్థం ఉంది. ఆర్కేలోనూ ఏటా ప్రాణాలు పోతున్నాయి. రేవు ఊరికి పోతే సముద్రాన్ని చూడండి, దిగాలనుకుంటే లైఫ్‌గార్డులు నిలబడే చోటే, వాళ్లు చెప్పిన హద్దులోనే దిగండి. ఋషికొండ, కోవళం ఈ విషయంలో మేలు. మైపాడు ఖాళీగా ఉంటుందని బాబు మెచ్చుకుంటున్నాడు. ఖాళీ తీరంలో పిల్లాడు మునిగితే చూసేవాళ్లు కూడా ఉండరు.

బద్వేలు_బాబు:
ఆ మాట కాదనను. మేం పోయినప్పుడు అక్కడి పల్లెవాళ్లను అడిగే దిగాం, వాళ్లు చూపించిన చోటే.

మద్రాసుబండి:
నీటిలెక్క గారు చెప్పినది ప్రింట్ తీసి పెట్టుకోవచ్చు. అక్కా, చెన్నై వచ్చేటట్టయితే ఒక తేదీ మాత్రం తప్పించు. మనకు ముక్కనుమ వచ్చే రోజు ఇక్కడ కాణుం పొంగల్. ఊరంతా మెరీనాకు వస్తుంది. నీళ్ల దగ్గరికి పోకుండా పోలీసులు కట్టెలు కట్టేస్తారు. తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుస్తూనే ఉంటారు. చెన్నై మనిషిగా చెప్తున్నా, ఆ రోజు మేమే ఇల్లు కదలం.

పెన్నాఒడ్డు:
సంక్రాంతి సెలవులంటే మాకు సరిగ్గా ఆ రోజే కుదిరేది! చెన్నై దాంతోనే పోయింది. ఇదంతా మా అమ్మకు చదివి వినిపించా. రేవులు, జెండాలు ఆమెకు పట్టలేదు. పెన్నా ఎక్కడ కలుస్తుందో చూడాలంది, అంతే. మైపాడు ఖాయం. మా ఆయన విశాఖ వదల్లేదు, ఎండాకాలం అంటున్నారు. పిల్లలకు మోకాళ్ల దాకానే అని చెప్పి, ఒకరికి ఒకరం కాపలా పెట్టుకుంటాం. బాబూ, ఊటుకూరు దగ్గర నది కలిసే చోటికి కారు పోతుందా? సూర్యుడు సముద్రంలో మునగడం పిల్లలకు చూపించాలని కూడా ఉంది.

ఎర్రమల:
అక్కా, మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడేగానీ సముద్రంలోకి పోడు. పోవాలంటే గుత్తికోట గారి గోవాకే పోవాలి.

బద్వేలు_బాబు:
అందుకే ముందు రోజు సాయంత్రానికి నెల్లూరు చేరి, రాత్రికి అక్కడ పడుకుని, తెల్లారకముందే మైపాడుకు పోండి. ఎండ ఎక్కితే ఇసుక కాలుతుంది, అమ్మగారు నిలబడలేరు. ఎండ ముదిరేలోపు లేచి ఊటుకూరు వైపు రండి. ఊరి దాకా కారు వస్తుంది, చివరి కాస్త దారి సంగతి అక్కడివాళ్లను అడగండి.

నీటిలెక్క:
మొగ దగ్గర చూడండి, అక్కడ మాత్రం ఎవరూ దిగొద్దు. నది, పోటు రెండూ కలిసే చోట మోకాళ్ల లోతు కూడా నమ్మేది కాదు.