ఓపెన్ జిమ్‌కా, ఆట నడిపే మనిషికా? ఊరి పైసలు దేని మీద పెట్టాలె

రేవుగట్టు (సిరోంచ, మహారాష్ట్ర)
మా దిక్కు గ్రామసభలల్ల ఓపెన్ జిమ్ ఠరావు (తీర్మానం) ముచ్చట నడుస్తున్నది. జనం కదులుతలేరు, బీపీలు షుగర్లు పెరుగుతున్నయి, పది పరికరాలు పెడదామని ఒక మాట. ఆ పైసలతోని ఆట నేర్పే మనిషిని పెట్టాలె, ఆశాను, బచత్ గట్‌ను (పొదుపు సంఘాన్ని), శాలను (బడిని) కలుపుకోవాలె అని ఇంకో మాట. ఆరు లక్షలు చేతిల ఉన్నయనుకోండ్రి. మీరైతే ఏం చేస్తరు? పద్దులు తెలిసినోళ్లు చెప్పాలె.

నల్లరేగడి (రాజురా)
ఇనుము మీద వద్దు. నల్లరేగడి ఎండకాలం నెర్రెలిస్తది, వానకాలం ఉబ్బుతది. అడుగున్నర గుంతల కాంక్రీటు పోసి స్తంభం నిలబెడితే రెండు వానకాలాలు దాటకముందే ఒరుగుతది. ఒరిగిన ఎయిర్ వాకర్ల (నిలబడి కాళ్లు ఊపే పరికరంల) భారమంతా ఒక పక్క బేరింగు మీద పడి అది అరుగుతది, తొక్కుడుపలక వదులైతది. ఆ సందుల ఇరికేది పిల్లల వేళ్లే. కొటేషన్ల వారంటీ అని రాసి ఉంటది గానీ, ఏ భాగానికి, ఎన్ని రోజులల్ల వచ్చి మారుస్తరు అనేది ఉండదు. మే నెలల పొద్దున ఎనిమిది దాటితే ఆ కడ్డీ పట్టుకోరాదు.

ఇంకోటి, పెట్టేది ఏడ? చావడి కాడ, లేకుంటే బస్టాండు కాడ. మగోళ్లు కూసునే జాగా అది. వాళ్లింటి కోడలు వాళ్ల ముంగట నిలబడి కాళ్లు ఊపుతదా?

ఆడిట్ పేరా (గడ్చిరోలి)
అన్నీ ఒప్పుకుంటాను. మరి మనిషికిచ్చే డబ్బు ఏ పద్దులో రాస్తారు? పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో (2021-26) 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేశారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదన్నారు. శిక్షకుడికి నెలనెలా ఇచ్చి ఆ పద్దులో చూపిస్తే ఆడిటర్ అభ్యంతరం రాస్తాడు. ఆ డబ్బు వసూలు సర్పంచ్, గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) మెడకు చుట్టుకుంటుంది. ఇనుమైతే బిల్లుంది, ఫొటో ఉంది, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. వాళ్లు అమాయకులై జిమ్ అనడం లేదు, భయపడి అంటున్నారు.

బచత్ లెక్క (బల్లార్‌పూర్)
మొత్తం ఒకే పద్దులోంచి లాగాలని చూస్తే ఇనుమే మిగులుతుంది. పని ముక్కల్ని బట్టి పద్దు వెతకాలి.

చదును, మొరం, నీటి పైపు ఆర్థిక సంఘం నిధుల్లో ఊరి అవసరానికి వదిలిన భాగంలోకి వస్తాయి. 2005 ఉపాధి హామీ చట్టం పనుల జాబితాలోనూ ఆట స్థలం ఉండేది, మట్టి పని కూలి అందులో చూపేవారు; ఇప్పటి జాబితా అడిగి చూసుకోండి. బంతులు, నెట్లు కొనడానికి సమగ్ర శిక్ష కింద ప్రాథమిక శాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఆ పైవాటికి 25,000 రూపాయల వరకు ఏటా ఆట సామాను గ్రాంటు ఉంది. శాల వ్యవస్థాపన సమితి (బడి నిర్వహణ కమిటీ) తీర్మానం చేస్తే సాయంత్రం ఊరివాళ్లూ వాడుకోవచ్చు. పగిలితే ఎవరు కొనాలో అందులోనే రాసుకోవాలి.

మనిషికిచ్చే డబ్బుకు మూడు దారులున్నాయి. ఒకటి, పంచాయతీ సొంత ఆదాయంలో 10 శాతం మహిళా బాల కల్యాణానికి ఖర్చు పెట్టాల్సిందే. జిల్లా పరిషత్ మహిళా బాల కల్యాణ పథకాల్లో ఆడపిల్లలకు జూడో, కరాటే, యోగా శిక్షణ ఎప్పట్నుంచో ఉంది. రెండోది, సిరోంచ తాలూకా అంతా షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి 2015 నుంచి గిరిజన ఉపయోజన (ఉపప్రణాళిక)లో 5 శాతం అబంధ్ (ఫలానా పనికని కట్టేయని) నిధి గ్రామసభ కోశ్‌కు (నిధి ఖాతాకు) రావాలి. రాజురాలో అన్ని ఊళ్లకూ అది వర్తించదు, ముందు జాబితా చూసుకోండి.

మూడోది కంపెనీల సీఎస్సార్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు. ఇక్కడ చాలామంది తడబడతారు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ రాసింది ఆటల 'శిక్షణ' గురించి. గనుల కంపెనీ దగ్గరికి జిమ్ కావాలని కాక గ్రామీణ ఆటల శిక్షణ కావాలని వెళ్తే దరఖాస్తు సూటిగా నిలుస్తుంది. కానీ డబ్బు యువక మండలం చేతికివ్వరు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు ఉండి, సీఎస్సార్ పనులకు సీఎస్సార్-1 ఫారంతో నమోదు చేసుకుని, మూడేళ్లు అలాంటి పని చేసిన ట్రస్టో సొసైటీయో కావాలి. అలాంటి సంస్థను వెతికి పంచాయతీ, శాల, సంస్థ ముగ్గురూ ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. దరఖాస్తులో 'కొనసాగే ప్రాజెక్టు' అని ఉండాలి. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా నడుపుకునే వీలుంటుంది. లేకపోతే మార్చి 31కి ఖర్చు చూపించాలని ఫిబ్రవరిలో టీషర్టులు పంచుతారు. ఆ టీషర్టులు పొలాల్లో దిష్టిబొమ్మలకు పనికొస్తాయి.

కిన్వట్ గుట్ట
లెక్కలు బాగున్నయి అక్కా, కానీ అసలు ఎవరి కోసం? పొద్దంతా వంగి పత్తి ఏరే ఆమెకు సాయంత్రం యోగా చెప్తరా?

బచత్ లెక్క
చెప్పకూడదు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరుగా కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పొలం పని, నడక కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 2022 నాటికి మన దేశంలో దాదాపు సగంమంది పెద్దలు ఆ పాటి కదలడం లేదని, ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం అని 2024లో అంచనా వచ్చింది. మన ఊళ్లో ఆ సగం ఎవరన్నదే ప్రశ్న. కొత్త సర్వే అక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశాలు నింపే సీబ్యాక్ ఫారంలో (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు అంచనా కాగితం) వారానికి 150 నిమిషాలు కదులుతారా అనే ప్రశ్న, నడుము కొలత రెండూ ఉన్నాయి. పేర్లు లేకుండా వాడల వారీగా లెక్క మాత్రం ఇమ్మని ఉపకేంద్రంలో అడగండి. కొట్లలో కూర్చునేవాళ్లు, గనుల్లో రిటైరైనవాళ్లు, పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఎందరున్నారో చూసి, వాళ్లకు తగ్గ వేళ పెట్టాలి.

ఆడిట్ పేరా
ఇలా ఊరిని బట్టి నిధి మలచడం ఇంగ్లండులో చేశారు. స్పోర్ట్ ఇంగ్లండ్ 2017లో 12 ప్రాంతాలు ఎంచి నాలుగేళ్లకు 10 కోట్ల పౌండ్లు అంది. 2023 నవంబరులో ఇంకో 25 కోట్లతో ఐదేళ్లకు పెంచింది. వాటిలో పశ్చిమ లండన్‌లో పంజాబీలు ఎక్కువున్న సౌథాల్ ఉంది, విథర్న్‌సీ అనే చిన్న సముద్రతీరపు ఊరూ ఉంది. అన్నిటికీ ఒకే నమూనా రుద్దలేదు. అయితే అక్కడ జీతం తీసుకునే కౌన్సిల్ సిబ్బంది ఉన్నారు. మన గ్రామసేవక్‌కు రెండు మూడు ఊళ్లు అంటగట్టి ఉంటాయి. మీరు చెప్పిన ఇన్ని పద్దుల కాగితాలు ఎవరు రాస్తారు?

రేవుగట్టు
గదే నా ప్రశ్న గూడ. మనిషిని పెట్టినా నెల దాటినంక ఎవరూ రారు అంటున్నరు.

బచత్ లెక్క
పంట క్యాలెండర్ చూడకుండా పన్నెండు నెలల ఒప్పందం చేస్తే రారు మరి. పత్తి ఏరుడు, మిరపకాయ కోతలు, మేలో తునికాకు. ఆ రోజుల్లో హాజరు పడిపోతే శిక్షకుడి తప్పు కాదు. ఆట నడిచే నెలలకే మానధన్ (గౌరవ వేతనం) ఒప్పుకోండి. డబ్బు బచత్ గట్ ఖాతాలో ఇద్దరి సంతకాలతో ఉండాలి, నెలనెలా హాజరు పుస్తకం చూసి వదలాలి. తలల సంఖ్య రాస్తే పిల్లలే మళ్లీ మళ్లీ లెక్కకొస్తారు, పేరు, వాడ రాయాలి. ఇక కాగితాల సంగతి: ఒప్పందంలో ఆ పని సంస్థకు అప్పజెప్పండి. పాలన ఖర్చు కింద సంవత్సరం సీఎస్సార్ ఖర్చులో 5 శాతం దాటకూడదన్న నిబంధన కంపెనీ సొంత ఆఫీసు ఖర్చుకు. ప్రాజెక్టు లోపలి పనికి అది అడ్డు కాదు.

నల్లరేగడి
జాగా లెక్క నేను చెప్త. మగోళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు × 10, ఆడోళ్లది 12 × 8, అదే గీతల లోపల వస్తది. చుట్టూ మీటరు వదిలితే 15 × 12, అంటే 180 చదరపు మీటర్లు. నల్లమట్టి మీద 15 సెంటీమీటర్ల మొరం దిమ్మిస చేయాలంటే 27 ఘనమీటర్లు. దిమ్మిస చేస్తే అణుగుతది కాబట్టి వదులుగ 35 దాకా తెప్పించాలె. వంద ఘనపుటడుగుల ట్రాలీలైతే పన్నెండు, పదమూడు. మీద 5 సెంటీమీటర్లు జల్లెడ పట్టిన మట్టి పడకుంటే మోకాళ్లు చీరుకపోతయి. నడుమ ఎత్తు, అంచులకు 6 సెంటీమీటర్లు వాలు. అంచుకు ఇటుక వరుస లేకుంటే మొదటి వానకే మొరం మోరీల పడ్తది.

కరెంటు గూడ తేల్చుకోండ్రి. లైటు శాల మీటరుకు కలిపితే బిల్లు హెడ్‌మాస్టరుకు వస్తది, రెండో నెల ఫ్యూజు పీకుతడు. వీధి దీపాల లైనుకు కలిపించి బిల్లు పంచాయతీ కట్టాలె. ఆడోళ్లు రాత్రి ఏడు దాటినంకనే వస్తరు, గోడ ఉన్న శాలకే వస్తరు. లైటు లేదంటే వాళ్లు లేనట్టే.

ఆడిట్ పేరా
ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఠరావులో 'జీతం' అన్న మాట రానివ్వకండి. 'శిక్షణ కార్యక్రమం, ఇన్ని వారాలు, ఇంతమందికి, మహిళా బాల కల్యాణ 10 శాతం నుంచి' అని పద్దు పేరుతో సహా రాయించండి. అదే పని ఆమ్చా గావ్ ఆమ్చా వికాస్ ఆరాఖడాలో (పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో) కూడా ఉండాలి. అందులో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు కదలదు. అయినా నా మాట, చిన్న ఊళ్లో ఇన్ని పద్దుల పని నడవదు. రెండుతో మొదలుపెట్టండి.

కిన్వట్ గుట్ట
సర్పంచ్‌కు ఫొటో కావాలె గద. ఏం పెట్టకుంటే ఠరావే పాస్ కాదు.

నల్లరేగడి
అయితే కదిలే భాగం లేనియే పెట్టుండ్రి: రెండు ఎత్తుల పుల్-అప్ బార్లు, ఒక ప్యారలల్ బార్. బేరింగు లేదు, అరిగేది లేదు. పునాది నల్లమట్టి దాటి మొరం తగిలేదాకా పోవాలె. మిగిలిన జాగల 200 మీటర్ల మట్టి ట్రాక్ గీయుండ్రి. పోలీసు భర్తీకి పోరగాళ్లు 1,600 మీటర్లు, పోరీలు 800 మీటర్లు ఉరకాలె. ఇప్పుడు పొద్దుగాల చీకట్ల లారీల నడుమ రోడ్డు మీద ఉరుకుతున్నరు.