రెఫరీ బృందానికి మార్కులు ఎలా వేస్తారు? ఫైనల్‌కి ఎవర్ని పిలవాలో తేల్చాలి

బ్రాడీపేట_లెఫ్ట్‌బ్యాక్:

గుంటూరులో మేం కొందరం కలిసి నడిపే కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ సెమీస్ దాటింది. ఫైనల్‌కి ఏ రెఫరీ బృందాన్ని పిలవాలో తేల్చే పని నా నెత్తిన పడింది. రేసులో రెండు బృందాలున్నాయి. కమిటీలో పెద్దాయన ఒకరు "ఎవరి మీద కంప్లయింట్లు తక్కువుంటే వాళ్లని పిలిచేయ్, తలనొప్పి ఉండదు" అంటున్నారు. ఇంకొకాయన ఎవరెన్ని ఎల్లో కార్డులిచ్చారో కాగితం మీద రాసుకొచ్చారు.

మొదటి బృందం మీద ఒక్క కంప్లయింట్ కూడా లేదు. కాకపోతే వాళ్లకి పడ్డవన్నీ ఏకపక్షం మ్యాచులే, సెమీ కూడా 5-0. రెండో బృందానిది రచ్చ సెమీ. 1-1 దగ్గర లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ (బాల్ వదిలిన క్షణంలో చివరి నుంచి రెండో డిఫెండర్ కంటే గోల్‌కి దగ్గరగా ఉండటం) అని జెండా ఎత్తడంతో ఒక గోల్ రద్దయింది. ఆ జట్టు చివరికి పెనాల్టీల్లో ఓడింది. వాళ్ల కోచ్ చీకటి పడేదాకా గ్రౌండ్ వదల్లేదు. ఫోన్ వీడియో ఉంది కానీ గోల్ వెనక నుంచి తీసింది, దాంతో ఏమీ తేలదు.

పెద్ద లీగుల్లో రెఫరీలకి మార్కులు ఎవరు వేస్తారు, ఏం చూసి వేస్తారు? అందులో మాలాంటి వాళ్లు వాడుకోగలిగింది ఏమైనా ఉందా?

కొత్తపేట_గూనర్:

వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయాలు సరిచూసే రెఫరీ) లేనిచోట ఏం మార్కులు బ్రో. కాయిన్ ఎగరేసెయ్.

పాత_విజిల్:

లెఫ్ట్‌బ్యాక్ తమ్ముడూ, ముందు ఆ ఎల్లో కార్డుల కాగితం చించి పారెయ్. రెఫరీ ఏమిచ్చాడో అది చెబుతుంది, ఏది చూసీ చూడనట్టు వదిలేశాడో చెప్పదు. కంప్లయింట్ల లెక్క ఇంకా దండగ. దాంతో తెలిసేది ఓడిన కోచ్ గొంతు ఎంత పెద్దదనే.

నేను విజయవాడలో చాలాకాలం విజిల్ ఊదాను. మోకాళ్లు మొరాయించాక గట్టు మీద కూర్చుని కుర్రాళ్ల రెఫరీయింగ్ చూసి మార్కులు వేస్తున్నా. కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టు.

యూఫా (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) మ్యాచులకి స్టాండ్‌లో ఒక అబ్జర్వర్ కూర్చుంటాడు, సాధారణంగా పాత రెఫరీయే. స్కేలు పదికి. కానీ బాగా ఆడిస్తే పదికి పది వేసే ఇంటర్ పేపర్ కాదిది. మామూలు మ్యాచ్‌ని ఏ గొడవా లేకుండా నడిపితే వచ్చేది 8.3, 8.4. ఆట ఫలితాన్ని మార్చగల స్పష్టమైన తప్పు ఒకటి జరిగితే, అంటే లేని పెనాల్టీ ఇవ్వడమో, రెడ్ కార్డ్ మింగేయడమో, మిగతా ఆటంతా ఎంత బాగున్నా 7.9కి దిగిపోతుంది. చూడ్డానికి అర మార్కే. ఆ స్థాయిలో పెద్ద మ్యాచ్ వస్తుందా రాదా అనేది ఆ అర మార్కు మీదే తేలుతుంది.

దాని పక్కనే మ్యాచ్ ఎంత కష్టమైందో విడిగా రాస్తారు: మామూలు, కష్టం, చాలా కష్టం. మీ మొదటి బృందం సంగతి ఇక్కడే తేలిపోతుంది. 5-0 మ్యాచ్‌లో కంప్లయింట్ రాకపోతే అది రెఫరీ గొప్పా? నాలుగో గోల్ పడ్డాక అవతలి జట్టు త్రో-ఇన్ కోసం కూడా వాదించదు. వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. వాళ్లకింకా పరీక్షే జరగలేదు.

ఇంకోటి, ఫలితం చూసి మార్కు వేయకూడదు. లేని పెనాల్టీని కీపర్ ఆపేసినా తప్పు తప్పే. సరైన పెనాల్టీ వల్ల జట్టు ఓడితే అది రెఫరీ పాపం కాదు.

గూనర్ బాబూ, వీఏఆర్ అన్నావు కదా, అది ఉన్నచోటే జరిగిన సంగతి ఒకటి చెప్తా. 2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్, లివర్‌పూల్. మనకి రాత్రి పదింటి మ్యాచ్. లూయిస్ డియాజ్ గోల్ వేశాడు, లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. వీఏఆర్ గదిలో గీతలు గీసి చూస్తే ఆన్‌సైడ్. గోల్ ఇవ్వాల్సిందే. కానీ గదిలో ఉన్నాయన మైదానంలో గోల్ ఇచ్చేశారనుకుని "చెక్ కంప్లీట్" అనేశాడు. ఆట మొదలైపోయింది. తేడా కొట్టిందని ముందు పసిగట్టింది రీప్లే ఆపరేటర్. కానీ ఆట మళ్లీ మొదలయ్యాక అలాంటి నిర్ణయం వెనక్కి తీసుకోవడానికి రూల్ ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. తర్వాత ఆ ఆడియో బయటపెట్టారు, వెతికి విను. గదిలో గీతలు సరిగ్గానే పడ్డాయి, కళ్లు సరిగ్గానే చూశాయి, చెడింది మాట దగ్గర. "మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్, ఇక్కడ చూస్తే ఆన్‌సైడ్, గోల్ ఇవ్వండి" అని పూర్తిగా ఒక్క వాక్యం చెప్పుంటే అయిపోయేది. 2006 వరల్డ్ కప్‌లోనూ అంతే. క్రొయేషియా ఆటగాడు సిమునిచ్‌కి రెండో ఎల్లో కార్డు చూపించి కూడా బయటికి పంపలేదు, మూడోది చూపించాక పంపారు. రెఫరీ తన పుస్తకంలో ఒక కార్డుని ఆస్ట్రేలియా మూడో నంబర్ ఖాతాలో రాసుకున్నాడు. ప్రపంచమంతా రెఫరీని తిట్టింది. సరే, మిగతా ముగ్గురూ ఏం చేస్తున్నట్టు? అందుకే బృందానికి మార్కు అంటే నేను ముందు చూసేది వాళ్ల మధ్య మాట, చూపు. ఫౌల్ పడగానే రెఫరీ లైన్స్‌మన్ వైపు చూశాడా, చూసేసరికి ఆయన కూడా ఇటే చూస్తున్నాడా. మీ మైదానంలో హెడ్‌సెట్లు ఉండవు కాబట్టి ఇది గట్టు మీద నుంచే కనిపిస్తుంది.

ఇక నీ జెండా సంగతి. ఆ వీడియో పక్కన పెట్టు. నాకు రెండు ముక్కలు చెప్పు: బాల్ వదిలిన క్షణంలో లైన్స్‌మన్ ఎక్కడున్నాడు? గోల్ వేసినవాడు అతనికి దగ్గర వైపా, దూరం వైపా?

తెనాలి_టు_డాలస్:

నేను చెప్పేది ఎన్ఎఫ్ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ గురించి. ఆట వేరైనా ఇక్కడ పనికొస్తుందనిపించింది. అక్కడ మైదానంలో ఏడుగురు అఫీషియల్స్. మ్యాచ్ అయ్యాక లీగ్ ఆఫీసు ప్రతి ప్లే వీడియో చూసి ఎవరికి వాళ్లకి గ్రేడ్ వేస్తుంది. పిలిచిన ఫౌల్ ఒక్కటే కాదు, పిలవాల్సి ఉండి పిలవనిదీ లెక్కే. సీజన్ అంతా దాదాపు ఒకే బృందంగా తిరిగినా, ప్లేఆఫ్స్‌కి మాత్రం గ్రేడ్లు బాగున్నవాళ్లని ఏరి కొత్త బృందాలు కడతారు.

పాత విజిల్ గారు కార్డుల కాగితం చించెయ్యమన్నది ఎందుకో 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన మ్యాచ్ చూస్తే తెలుస్తుంది. బాల్ ఇంకా రాకముందే రామ్స్ డిఫెండర్ సెయింట్స్ ఆటగాణ్ని గుద్దేశాడు, ఒక్క అఫీషియల్ కూడా ఫౌల్ అని ఫ్లాగ్ వేయలేదు. రామ్స్ ఓవర్‌టైమ్‌లో గెలిచి సూపర్ బౌల్ ఫైనల్‌కి వెళ్లారు. ఆ గొడవ దెబ్బకి అలాంటి ఫౌల్‌ని రీప్లేలో చూసే రూల్ తెచ్చారు, ఒక్క సీజన్‌కే ఎత్తేశారు. అంత పెద్ద తప్పూ పిలిచిన ఫౌళ్ల లెక్కలో ఎక్కడా కనబడదు.

బ్రాడీపేట_లెఫ్ట్‌బ్యాక్:

విజిల్ గారూ, ఆ వైపు నిలబడ్డ ఇద్దర్ని విడివిడిగా అడిగాను. గోల్ వేసినవాడు దూరం వైపు, అటు చివర వింగ్‌లో ఉన్నాడట. లైన్స్‌మన్ మాత్రం డిఫెండర్‌కి సూటిగా లేడు, రెండు మూడడుగులు గోల్ వైపు వెళ్లిపోయాడట. ఇది ఇద్దరూ ఒకేలా చెప్పారు.

పాత_విజిల్:

అయితే ఆ జెండా తప్పు కావడానికే ఎక్కువ అవకాశం. ఎందుకో కాగితం మీద గీసుకుని చూడు. లైన్స్‌మన్ గోల్ వైపు జరిగి నిలబడితే, అతని కంటి నుంచి చివరి నుంచి రెండో డిఫెండర్ మీదుగా పోయే గీత అడ్డంగా ఉండదు, అటు చివరికి వెళ్లేసరికి మైదానం మధ్యకి వంగుతుంది. దూరం వైపున్న అటాకర్ డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆ గీత దాటి ముందున్నట్టే కనిపిస్తాడు. అదే దగ్గర వైపు ఉంటే తిరగబడుతుంది, నిజంగా ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు కూడా సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తాడు. 2000లో నేచర్ పత్రికలో ఓడెజాన్స్ బృందం తేల్చింది ఇదే. లైన్స్‌మన్ల ఆఫ్‌సైడ్ తప్పులకి పెద్ద కారణం పక్షపాతం కాదు, నిలబడిన చోటు.

లాంగ్ బాల్ వస్తుందని ముందే ఊహించి పరుగు అందుకుని ఉంటాడు. చురుకైన కుర్రాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. బాల్ వదిలేదాకా మైదానం వైపు ముఖం పెట్టి సైడ్ స్టెప్పులు వేయమని చెబితే చాలావరకు సర్దుకుంటుంది.

పటమట_కీపర్:

నాదో మాట. గట్టు మీద కూర్చున్నాయన మార్కు ఒక్కటే సరిపోదు, ఆడినవాళ్లనీ అడగాలి. కార్నర్ పడేటప్పుడు కీపర్ జెర్సీ లాగుతుంటే రెఫరీ ఏమన్నాడో నాకే తెలుసు, మీకు వినబడదు. ప్రీమియర్ లీగ్‌లో కీలక నిర్ణయాలు చూడటానికి ఒక ప్యానెల్ ఉంది. ఐదుగురిలో ముగ్గురు మాజీ ఆటగాళ్లూ కోచులే.

పాత_విజిల్:

కీపర్ తమ్ముడూ, మాజీలు అన్నావు చూడు, అదే తేడా. వాళ్లకి ఆ మ్యాచ్‌లో కప్పు పోలేదు. 2023 మార్చి 3న బెంగళూరులో అక్కడి జట్టు ఆటగాడు ఛెత్రి ఫ్రీకిక్ గబుక్కున వేసి గోల్ చేస్తే కేరళ బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్లిపోయారు. నాలుగు కోట్ల ఫైన్ పడింది, కోచ్‌కి పది మ్యాచుల నిషేధం. ఆ రాత్రి వాళ్లని అడిగితే రెఫరీకి ఎంత వేసేవారు? అబ్జర్వర్ అడిగేది ఒక్కటే: విజిల్ దాకా ఆగమని రెఫరీ ఛెత్రికి సైగ చేశాడా లేదా? వాల్ (ఫ్రీకిక్‌కి అడ్డంగా నిలబడే డిఫెండర్ల వరుస) సర్దుకోలేదన్నది డిఫెండర్ల గొడవ. జెర్సీ లాగుడు విషయం మాత్రం నిజమే, ఇద్దరు కీపర్లనీ మర్నాడు అడగొచ్చు. అదే రోజు వద్దు.

బ్రాడీపేట_లెఫ్ట్‌బ్యాక్:

అంటే రెండో బృందానికి 7.9, మొదటిదానికి 8.4. మార్కు ప్రకారం మొదటిదాన్నే పిలవాలా? లేక డాలస్ అన్న చెప్పినట్టు రెండో బృందం రెఫరీకి మొదటి బృందం లైన్స్‌మన్లని కలపాలా?

పాత_విజిల్:

కలపొద్దు. ఎన్ఎఫ్ఎల్ వాళ్లకి కొత్త బృందాన్ని కూర్చోబెట్టి సిద్ధం చేసే తీరిక ఉంది, నీకు లేదు. 2022 వరల్డ్ కప్ ఫైనల్‌కి పోలండ్ రెఫరీ మార్చినియాక్‌తో పాటు లైన్స్‌మన్లుగా వచ్చింది సొకోల్నిత్స్కీ, లిస్ట్‌కేవిచ్, అంటే అతనితో రోజూ తిరిగే తన దేశం వాళ్లే. చూపుతోనే మాట్లాడుకునే ముగ్గురిని విడదీస్తే మిగిలేది ముగ్గురు విడి మనుషులు.

నేనైతే రెండో బృందాన్నే పిలుస్తా. 1-1 సెమీ, పెనాల్టీలు, మీదకొచ్చిన కోచ్, అన్నిటి మధ్యా మ్యాచ్ చివరిదాకా నడిపారు. జరిగిన తప్పుకి కారణం తెలిసింది, దిద్దుకోదగ్గదే. ఫైనల్‌కి ముందు ఆ కుర్రాణ్ని ఒకసారి మైదానంలో పరుగెత్తించి చూడు, డిఫెండర్ లైన్ వదలకుండా వస్తే జెండా చేతికివ్వు. రాకపోతే నా మాట వెనక్కి తీసుకుని మొదటి బృందానికి ఫోన్ చెయ్.

కమిటీ పెద్దాయన ఒప్పుకోకపోతే 5-0 సంగతి చెప్పు. ఫైనల్ చూడటానికి నేనూ వస్తా. టచ్‌లైన్ పక్కన కుర్చీ వేయకండి, కోచుల గోల తప్ప ఏమీ కనబడదు. ఎత్తులో, మధ్య గీతకి ఎదురుగా, నీడ ఉన్నచోట వేయండి.