తాళం వేశావని తమ్ముడికి చెప్పాలా, వద్దా?

మా తమ్ముడికి ఓసీడీ (వదలని ఆలోచనలతో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయాలనిపించే మానసిక సమస్య) ఉందని మానసిక వైద్యులు నిర్ధారించి 4 నెలలైంది. తాళం వేసి, దాన్ని మూడుసార్లు లాగి చూసి, మెట్లు దిగాక మళ్లీ పైకి వచ్చి చూసుకోవడంతోనే అతనికి ఉదయం గంటకు పైగా గడిచిపోతుంది. తాళం పడిందని కళ్లకు కనిపిస్తున్నా మనసు ఒప్పుకోదని అతనే చెబుతాడు. (దీన్ని చాదస్తమని కొట్టిపారేసినవారిలో నేనూ ఒకడిని.)

మందుతో పాటు ఈఆర్‌పీ అనే చికిత్స మొదలుపెట్టారు. భయం కలిగించే పరిస్థితిని కావాలనే ఎదుర్కొని, ఆ తరువాత చేయాలనిపించే పనిని ఆపుకోవడం ఇందులో ముఖ్యమనీ, మందు ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చనీ వైద్యులు వివరించారు. నాకు అంతుపట్టనిది నేను చేయవలసినదే. ఇద్దరం కలిసే ఇంట్లోంచి బయలుదేరినా, “అన్నయ్యా, తాళం వేశానా?” అని రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తాడు. వేశావని చెబితే అప్పటికి ఊరట కలుగుతుంది గానీ, ఆ ఊరటే అనుమానాన్ని పెంచి పోషిస్తుందట. చెప్పకపోతే అతని గొంతు వణుకుతుంది, నా ప్రాణం ఊరుకోదు.

ఇంట్లో ఇలాంటివారిని చూసుకున్నవారు దయచేసి చెప్పండి: మీరు ఆ భరోసా ఇవ్వడం ఒక్కసారిగా మానేశారా, వైద్యులతో మాట్లాడి క్రమంగా తగ్గించారా, ఆ క్షణంలో ఏమని బదులిచ్చారు?