పాత ఛాసీకి బ్లాస్టింగ్ తప్పనిసరా, వైర్ కప్పు సరిపోతుందా?

లాడర్‌ఫ్రేమ్: బాడీ దించేశాను. ఛాసీ (బండి అడుగు చట్రం) నిచ్చెన ఆకారపు లాడర్ రకం, నాలుగువైపులా మూసుకున్న గొట్టంలాంటి బాక్స్ సెక్షన్. పాత నల్ల పెయింటు పెచ్చులూడుతోంది, కింద మట్టి కలిసిన గ్రీజు, వెనక స్ప్రింగ్ హ్యాంగర్ల (స్ప్రింగులను ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ల) దగ్గర గుంతలు పడ్డ తుప్పు. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వ చిమ్మి తుప్పు వదిలించడం) కొట్టించాలా, గ్రైండర్‌కి వైర్ కప్పు (గిన్నె ఆకారపు తీగల బ్రష్షు) తగిలించి గీకితే సరిపోతుందా?

గార్నెట్: గుంతలు పడ్డాయంటే బ్లాస్టింగే. వైర్ కప్పు గుంత అడుగుదాకా దిగదు, తుప్పునే నున్నగా రుద్ది మెరిపిస్తుంది. చూస్తే ఇనుమే అనిపిస్తుంది, కానీ అడుగున మిగిలిన ఉప్పు తేమను లాగి ప్రైమర్ కిందనుంచి పొక్కులు లేపుతుంది. గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వతో ఎస్‌ఏ 2.5 స్థాయికి (తుప్పు, పెయింటు దాదాపు పూర్తిగా పోయేదాకా) కొట్టిస్తే 40–75 మైక్రాన్ల గరుకు వస్తుంది, ప్రైమర్ దాన్ని పట్టుకుంటుంది. మామూలు ఇసుక వాడనివ్వకండి, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులను తిరిగి బాగుకానంతగా పాడుచేస్తుంది.

పాతఇనుము: బయట సరే, లోపలి మాటేమిటండీ? బాక్స్ ఛాసీని తుప్పు ఎక్కువగా లోపలినుంచే తింటుంది. బ్లాస్టింగ్ అక్కడికి చేరదు, పైగా రంధ్రాల్లోంచి దూరిన గార్నెట్ మూలల్లో పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. గుంతలున్నచోట నీడిల్ స్కేలర్ (ఉక్కు సూదులతో పొడిచి తుప్పు రాల్చే పనిముట్టు), మిగతాచోట వైర్ కప్పు, ఆపైన తుప్పును తట్టుకునే ఎపాక్సీ మాస్టిక్ అనే మందపాటి పెయింటు. గట్టిగా అంటుకుని ఉన్న పలచని తుప్పు మీద అది నిలుస్తుంది.

గార్నెట్: మాస్టిక్ నిలుస్తుంది, కాదనను. జింక్ రిచ్ ప్రైమర్ (జింక్ పొడి ఎక్కువగా ఉన్న ప్రైమర్) వేయాలంటే మాత్రం బ్లాస్ట్ చేసిన ఇనుమే కావాలి, జింక్ నేరుగా ఇనుముకు తగలకపోతే దాని రక్షణే ఉండదు. గార్నెట్ దూరుతుందన్నది నిజం. అందుకే ముందే రంధ్రాలకు రబ్బరు బిరడాలు, మరలున్న రంధ్రాలకు పాత బోల్టులు బిగించాలి. ఛాసీ నంబరు మీద మందపాటి టేపు నాలుగు పొరలు వేయండి, అది అరిగిపోతే కాగితాల దగ్గర చిక్కే. అన్నిటికన్నా ముందు జిడ్డు తీయాలి. గ్రీజు మీద బ్లాస్ట్ చేస్తే నూనె ఆ గరుకులోకే దిగిపోతుంది, తర్వాత థిన్నర్‌తో ఎంత తుడిచినా పూర్తిగా రాదు.

ఎపాక్సీ: ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. కొట్టించే ముందే హ్యాంగర్లు, క్రాస్‌మెంబర్ (ఛాసీ అడ్డకమ్మీ) అతుకులు సుత్తితో తట్టి చూడండి. ఖణేల్‌మనకుండా మొద్దుగా మోగితే అక్కడ లోహం పలచబడింది. అది కోసి, ప్లేటు వెల్డ్ చేశాకే బ్లాస్టింగ్. ప్రైమర్ వేశాక వెల్డ్ చేస్తే అతుకు చుట్టూ అంతా కాలి మళ్ళీ గీకాల్సి వస్తుంది. బ్లాస్ట్ అయిన ఇనుము గాలిలో తేమ ఉంటే గంటల్లోనే ఎర్రబారుతుంది, ప్రైమర్ అదే రోజు పడాలి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు, చెమట మరకలోనే తుప్పు మొదలవుతుంది.

లాడర్‌ఫ్రేమ్: తుప్పు పోగొట్టే ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి దానిమీదే ఎపాక్సీ కొట్టొచ్చా?

ఎపాక్సీ: వద్దు. మిగిలిన యాసిడ్ ఎపాక్సీని గట్టిపడనివ్వదు, గోరుతో గీస్తే పొరగా లేస్తుంది. డబ్బా మీద చెప్పినట్టు కడిగి, అతుకుల్లోకి కంప్రెసర్ గాలి కొట్టి ఎండబెట్టాలి. బ్లాస్ట్ చేయిస్తే యాసిడ్ అవసరమే లేదు.

పాతఇనుము: సరే, కొట్టించండి. కానీ బిరడాలు తీశాక ఛాసీని నిలువుగా నిలబెట్టి, రబ్బరు సుత్తితో తడుతూ లోపలి గార్నెట్ రాలగొట్టండి, తర్వాత గాలి కొట్టండి. పెయింటు ఆరాక పొడవాటి గొట్టం నాజిల్‌తో లోపలంతా క్యావిటీ వ్యాక్స్ (లోపలి బోలు భాగాలను తుప్పునుంచి కాపాడే మైనం) పట్టించండి. అడుగున నీళ్ళు కారే రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.