ఇంటర్నెట్, వెబ్ ఒకటేనని రాస్తే మార్కు ఇవ్వాలా?

దేవరకొండ టీచర్:
మా బడి కంప్యూటర్ పరీక్షలో చాలామంది పిల్లలు "ఇంటర్నెట్‌ను 1989లో టిమ్ బెర్నర్స్-లీ కనిపెట్టారు" అని రాశారు. నేను మార్కు వేయలేదు. వేయాల్సిందే అంటున్నారు తోటి టీచర్. ఊళ్లో అందరూ అన్నిటినీ కలిపి 'నెట్' అనే అంటారు కదా, పిల్లలకెందుకు ఈ తేడా అని ఆయన వాదన.

నాకు మింగుడుపడలేదు. ఇంటర్నెట్ అంటే కంప్యూటర్లను కలిపే దారి. 1969లో అమెరికాలో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల నెట్‌వర్క్‌తో మొదలైంది. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీ పద్ధతికి, అంటే ఇప్పటికీ ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలకు మారింది. బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ అనే పరిశోధన సంస్థలో 1989లో ప్రతిపాదించింది వెబ్. అంటే అడ్రసు ఉన్న పేజీలు, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకులు. ఇవి ఆ దారి మీద నడిచేవి. మీరేమంటారు?

జడ్చర్ల:
మార్కు వేయండి సార్. మా నాయిన "నెట్ బ్యాలెన్స్ అయిపోయింది" అంటాడు, రీచార్జ్ చేయిస్తాను, పని నడుస్తుంది. ఇందులో వెబ్ ఏది, ఇంటర్నెట్ ఏది అని ఎవరూ అడగరు. పిల్లలు పేరు, సంవత్సరం గుర్తుపెట్టుకున్నారు, అది చాలదా?

మిర్యాలగూడ:
పని నడవదు అన్నా, బాధంతా అదే. అమ్మను సర్టిఫికెట్ కోసం మా దగ్గరి ఆన్‌లైన్ సెంటర్‌కు తీసుకుపోయాను. అక్కడి అబ్బాయి "నెట్ లేదు, రేపు రండి" అన్నాడు. తొంగి చూస్తే స్క్రీన్ మీద 504 అని ఉంది. 504 వచ్చిందంటే మన నెట్ బాగానే ఉంది, ఆ సైటు వెనకున్న సర్వరే టైముకు బదులివ్వలేదు. నిజంగా నెట్ పోతే క్రోమ్‌లో చిన్న డైనోసార్ బొమ్మ వస్తుంది. కానీ "నెట్ లేదు" అన్న మాట విని, లైన్లో ఉన్నవాళ్లు కొందరు పక్క మండలం సెంటర్‌కు ఆటో ఎక్కారు. అక్కడ తెరవాల్సిందీ ఆ సైటే కదా! "నెట్ ఉంది, సైటు ఆగింది" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ చార్జీలు మిగిలేవి.

వనపర్తి:
నేను యాప్‌లు రాసే పనిలో ఉన్నాను. టీచర్ గారు చెప్పిన చరిత్ర కరెక్టే, కానీ గీత అంత సూటిగా లేదు. ఫోన్‌లోని యాప్‌లు చాలావరకు లోపల హెచ్‌టీటీపీ వాడతాయి. అది సర్వర్ నుంచి పేజీలు తెచ్చుకోవడానికి, వెబ్ కోసం పుట్టిన పద్ధతే. పేజీ కనబడదు, అడ్రసు కనబడదు. మరి దాన్ని వెబ్ అనాలా వద్దా? మా ఆఫీసులోనే తలో మాట అంటారు. పిల్లలకు గట్టిగా గీత గీసి చెబితే రేపు వాళ్లే తికమకపడతారు.

దేవరకొండ టీచర్:
యాప్‌ల సంగతి నిజమే. అయితే మసకగా ఉన్నది వెబ్ ఎక్కడ ఆగుతుందన్నదే. ఇంటర్నెట్ ముందు పుట్టిందన్న దాంట్లో ఏ మసకా లేదు. ఈమెయిల్ 1971లోనే ఆర్పానెట్ మీద నడిచింది, అప్పటికి వెబ్ ఊహ కూడా లేదు. టీసీపీ/ఐపీకి రూపమిచ్చిన వింట్ సర్ఫ్, బాబ్ కాన్ పేర్లు మా పిల్లల్లో ఒక్కరూ రాయలేదు. బెర్నర్స్-లీని తక్కువ చేయడం లేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను ఎవరైనా ఫీజు లేకుండా వాడుకోవచ్చని వదిలేసింది. అది చిన్న విషయం కాదు, క్లాసులో తప్పక చెబుతాను. కానీ ఒకరు చేసిన పనిని ఇంకొకరి పేరు మీద రాస్తే ఎలా?

జడ్చర్ల:
ఆటో చార్జీల సంగతి విన్నాక తేడా అక్కర్లేదని నేను అనను. ఒక్కటి చెప్పండి సార్, పేపర్లో ప్రశ్న ఎట్లా ఉంది? "ఇంటర్నెట్‌ను కనిపెట్టింది ఎవరు" అని ఒక్క పేరే అడిగితే, పిల్లలు తెలిసిన ఒక్క పేరు రాస్తారు. అది వాళ్ల తప్పెట్లయితది?

దేవరకొండ టీచర్:
అలాగే ఉంది, "ఎవరు" అనే ఉంది. ఆ ప్రశ్న తీసేసి, "ఇంటర్నెట్ పోయిందో, సైటు ఆగిందో ఎలా తెలుసుకుంటారు?" అని సోమవారం మళ్లీ అడుగుతాను. ఆ మార్కు దానికి వేస్తాను.